ఉండలో పిండి, బేరములో అరువు

జాగ్రత్త యనునది మంచి గుణమని ఎల్లరును ఒప్పుకొందురు. అది యేమి అని అడిగినప్పుడు మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. కొందరి దృష్టిలో జాగ్రత్త యనగా భయము. కొందరి దృష్టిలో పిసినారితనము. మరికొందరికి అది, పని చెడకుండ ముగిసిన పిమ్మట తమకు తామే ఇచ్చుకొను బిరుదు. ఈ మూడవ అర్థమే లోకములో ఎక్కువగా చెల్లుచున్నది. లాభము వచ్చినవానిని బుద్ధిమంతుడందుము. నష్టపడినవానిని తొందరపాటు మనిషి యందుము. ఇట్లు ఫలమును చూచి గుణమును నిర్ణయించుట న్యాయమేనా అని ఈ వ్యాసమున కొంచెము విచారింపదలచితిమి.

విచారణకు మేము ఎన్నుకొన్న ఉదాహరణములు రెండు. ఒకటి, ఈ కాలపు యువకులు చేతిలోని ఫోనును చూచి నేర్చుకొనుచున్న విదేశ ద్రవ్యపు బేరము. రెండవది, చక్కెర వ్యాధి గల ఇండ్లలో పిండి తగ్గించి చేసికొను కైమా ఉండలు. ఈ రెంటికిని పొత్తేమని చదువరులు నవ్వవచ్చును. మా ఉద్యోగకాలమంతయు పెరియమేడులోని ఒక తోళ్ల ఎగుమతి కొట్టులో గుమాస్తాగా గడచినది. విశ్రాంతి తీసికొన్న తరువాతి కాలము వంటయింటిలో గడచుచున్నది. మాకు చేతితో చేసి తెలిసినవి ఈ రెండే. చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది గనుక పెద్ద శాస్త్రగ్రంథముల జోలికి పోజాలము.

ద్రవ్యమును మార్చుట మన పట్టణమునకు క్రొత్త విద్య కాదు. 1639లో కోట వెలసిన నాటినుండియు ఇచట వరహా, ఫణము, కాసు, రూపాయి అన్నియు కలిసి చెలామణి యైనవి. కుంపిణీ లెక్కలలో ఒక వరహాకు 42 ఫణములు, ఒక ఫణమునకు 80 కాసులు. బజారులో ఆ లెక్క నిలిచెడిది కాదు. దినమునకు ఒక ధర. అందుచేతనే సరాఫులకు అన్నము దొరకినది. నాణెమును తూచి, గీటు పెట్టి చూచి, వట్టము పుచ్చుకొని మార్చి యిచ్చుట వారి వృత్తి. 1818లో రూపాయి ప్రధాన నాణెమైన పిమ్మట వరహాలు మెల్లగా మరుగున పడినవి. తంగసాల వీధి పేరు మాత్రము నేటికిని మిగిలియున్నది. ఆ సరాఫును తలచుకొనుటకు కారణమున్నది. అతడు గడించిన వట్టము ఒక పనికి కూలి. తన సంచిలో లేని వరహాను అతడు బల్లమీద పెట్టజాలడు. ఈ సంగతి మున్ముందు మనకు పనికివచ్చును.

ఇక వంటయింటికి పోదము. తమిళులు కోలా ఉరుండై అని పిలుచునవియే మన ఇండ్లలో కైమా ఉండలు. వాడుకగా అర కిలో కైమాకు గుప్పెడో రెండు గుప్పెళ్లో పుట్నాల పప్పు పొడి కలుపుదురు. ఆ పప్పులో సగమునకు మించినది పిండిపదార్థమే. ఆ పొడి మూడు పనులు చేయును: తడిని పీల్చును, ఉండను విడిపోకుండ పట్టియుంచును, లెక్కను పెంచును. మొదటి రెండును వంటకొరకు. మూడవది హోటలువానికొరకు. పది ఉండలగు మాంసము పదునాలుగు ఉండలై పళ్లెము నిండుగా కనబడును.

మద్రాసు డయాబిటీస్ రీసెర్చి ఫౌండేషనువారు భారత వైద్య పరిశోధన మండలితో కలిసి జరిపిన పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడియున్నారని అందు తేలినది. ఇంటింట ఒకరున్నారని మేము పత్రిక చూడకయే చెప్పగలిగియుందుము. మా అంతస్తులోని నాలుగు ఇండ్లలో ముగ్గురు కలరు. కావున పుట్నాల పొడి మానవలసి వచ్చినది. మానినంతనే ఉండలు నూనెలో విచ్చిపోవుట మొదలిడినవి. చాలమంది ఇచటనే ఓడిపోయి, మరల రెండు చెంచాలు, నాలుగు చెంచాలు అని పిండివైపు జరుగుదురు.

ఉండ విరుగుటకు కారణము పిండి లేకపోవుట కాదు, నీరు మిగిలియుండుట. కైమాను కడిగి గుడ్డలో మూటగట్టి పిండవలెను. పసుపు, అల్లము, వెల్లుల్లి వేసి, మూత పెట్టకుండ, నీరంతయు ఇగిరిపోయి మూకుడు అడుగున చిటపట వినబడువరకు సన్నని సెగమీద ఉడికింపవలెను. పూర్తిగా చల్లారనిచ్చి, చుక్క నీరు చేర్చక రుబ్బవలెను. ఉల్లిపాయ నీటి కుండ వంటిది. సన్నగా తరిగి విడిగా వేయించి తడి పోగొట్టిన తరువాతనే కలుపవలెను. పచ్చికొబ్బరికి మారుగా ఎండుకొబ్బరి, వేయించి పొడిచేసిన గసగసాలు, సోపు, రెండు లవంగములు, చిన్న దాల్చినచెక్క, ఉప్పు, పచ్చిమిరప. పట్టుకొరకు ఒక్క కోడిగ్రుడ్డు. రెండు వేసినచో జారిపోవును. నిమ్మకాయంత ఉండలు కట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, నూనె మరీ పొగలెత్తకుండ చూచి, నాలుగేసి చొప్పున విడిచి, పైన గట్టిపడువరకు గరిటె తాకింపక యుండవలెను. చేసినచో నిలుచును. లెక్క పదియే, పదునాలుగు కావు. మాంసము ముట్టని చదువరులు ఈ పద్ధతినే అరటిపువ్వుతో చేయవచ్చును, అరటికాయతో మాత్రము వలదు, అందు పిండియే ప్రాణము. మధుమేహమునకు మందులు వాడువారు ఒక్కసారిగా భోజనములో పిండి తగ్గించుటకు ముందు వైద్యుని అడుగుట మేలు. మందు పాతది, తిండి క్రొత్తది అయినచో కళ్లు తిరుగును.

ఇప్పుడు డాలరు బేరము. మన దేశమున సామాన్యునికి ఈ ద్వారము తెరచినది 2008 ఆగస్టు 29న. ఆ దినమున నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో డాలరు, రూపాయి ఫ్యూచర్సు ఆరంభమైనవి. ఒక లాటు 1000 డాలర్లు. మాటవరుసకు డాలరు ధర 85 రూపాయలనుకొందము. లాటు విలువ 85,000 రూపాయలగును. అయితే బేరము చేయువాడు అంత సొమ్ము కట్టనక్కరలేదు. మార్జిను పేరిట కొద్ది భాగము కట్టిన చాలును. లెక్క తేలికగా ఉండుటకు అది 2,500 అనుకొందము. డాలరు ఒక్క రూపాయి అటునిటు జరిగినచో లాటుమీద 1,000 రూపాయలు వచ్చుటయో పోవుటయో జరుగును. డాలరు నూటికి ఒకటింబావు కూడ కదలలేదు. మనవాడు కట్టిన సొమ్ములో నూటికి నలుబది పోయినది. లెక్క ఏ సాయంకాలమునకు ఆ సాయంకాలము తేల్చుదురు. తగ్గిన సొమ్ము నింపనిచో బేరమును వారే ముగింతురు. ధర మరునాడు మన దారికి వచ్చినను అప్పటికి మనము అచట ఉండము.

ఈ అరువు బలమే బేరములోని పుట్నాల పొడి. మనకున్న చిన్న ముద్దను పెద్ద ఉండగా చూపును. అది తప్పని మేము అనము. అప్పు లేని వర్తకము లోకమున లేదు. కాని తినువానికి మాంసమెంత, పిండియెంత అని తెలియవలెను. అటులనే బేరము చేయువానికి తనదెంత, అరువెంత అని తెలియవలెను. ఫోనులో అగుపడు అంకె ఈ రెంటిని విడదీసి చూపదు. లాటు వెనుక 85,000 రూపాయలును బ్యాంకులో విడిగా నిలుపుకొని బేరము చేయువానికి ఒక్క రూపాయి కదలికలో పోవునది 85,000లో 1,000 మాత్రమే. అది పిండి లేని ఉండ. చిన్నది, కాని ఎంత కనబడునో అంతే ఉన్నది. ఈ మాట చెప్పగానే యువకులు పెదవి విరుతురు. "అంత సొమ్ము కట్టివేసి ఇంత లాభమా? దీనికంటె డిపాజిటు నయము గదా?" అందురు. నయమే. ఆ ప్రశ్న వారి నోటినుండి వచ్చుట మాకు సంతోషము. పిండి తీసివేసిన తరువాత ఉండ రుచింపనిచో, వారికి నచ్చినది మాంసము కాదు గదా!

మా అంతస్తులోనే ఒక యువకుడు కలడు. ఇంజనీరింగు చదివి తరమణిలోని కంపెనీలో పని చేయుచున్నాడు. మంచివాడు. ఒకనాడు సాయంత్రము ఉండలు వేయించుచుండగా వచ్చి, "తాతగారూ, నేను మొదట ఒక్క లాటుతోనే మొదలుపెట్టినాను. మీరు ఒక్క ఉండ వేసి చూచి, తక్కినవి వేయుచున్నారు గదా, అట్లే!" అనెను. పోలిక విని మేము ముచ్చటపడితిమి. అతడు వెళ్లిన తరువాత ఆలోచింపగా ఆ పోలికలోనే చిక్కు ఉన్నదని తోచినది.

ముందుగా ఒక్క ఉండ వేయించి చూచుట ప్రతి వంటమనిషి యెరిగిన జాగ్రత్త. విరిగినచో ముద్దలో తడి యున్నదని తెలియును. చప్పగా ఉన్నచో ఉప్పు తక్కువని తెలియును. ఏలయన తక్కిన ఉండలును ఆ ముద్దనుండియే వచ్చును. మొదటి ఉండ నిజము చెప్పును. మొదటి లాటు అట్లు కాదు. నేటి బజారు, రేపటి బజారు ఒక్క ముద్దలోనివి కావు. మొదటి లాటులో లాభము వచ్చెననుకొనుడు. ఆ యువకునికి అది ఏమి నేర్పినది? తనకు బేరము తెలియునని నేర్పినది. అది అబద్ధము కావచ్చును. నష్టము వచ్చినను అంతే. మంచి ఆలోచనయే దురదృష్టమున ఓడియుండవచ్చును. వంటయింటిలో అనుభవము గురువు. బజారులో అనుభవము చాలసార్లు ముఖస్తుతి చేయు స్నేహితుడు. అందుచేత ఒక్క లాటుతో మొదలుపెట్టుట నష్టమును చిన్నది చేయును, అది మంచిదే. కాని దానివలన జ్ఞానము వచ్చునని తలచుట పొరపాటు. ఇంకొక భేదము కూడ కలదు. విరిగిన ఉండలను పులుసులో వేసి కూరగా తినవచ్చును. విరిగిన బేరము ఏ పులుసునకును పనికిరాదు.

ఫలము అబద్ధమాడునని మేము పుస్తకములలో చదివి చెప్పుట లేదు. ఎగుమతి కొట్టులో బిల్లు డాలర్లలో వ్రాయుదుము. సొమ్ము తొంబది దినములకు వచ్చును. ఆ తొంబది దినములలో ధర మారును. అందుకై బ్యాంకుతో ముందుగానే ధర కుదుర్చుకొనుట కలదు. మా యజమాని ప్రతి బిల్లునకును అట్లు కుదుర్చుకొనెడివాడు. ఊహాగానములకు పోయెడివాడు కాడు. 2007లో డాలరు ఏడాది మొదట 44 రూపాయల ప్రాంతమున ఉండి, ఏడాది ముగియునప్పటికి 40కి లోబడినది. ధర కుదుర్చుకోని ఎగుమతిదారులు విలవిలలాడిరి. మా యజమానిని అందరు మెచ్చుకొనిరి. ఆయన ముందుచూపు గలవాడనిరి. 2013 మే మొదట 54 ప్రాంతమున ఉన్న డాలరు ఆగస్టు 28 నాటికి 68 దాటినది. ధర కుదుర్చుకోనివారు పంట పండించుకొనిరి. మా యజమాని పాత ధరకే డాలర్లు అప్పగించెను. అప్పుడు వీధిలో ఆయనను చాదస్తుడనిరి. ఆరేండ్లలో మారినది డాలరు. మనిషి మారలేదు, పని మారలేదు. రెండు మారులును ఆయన ఒకే కాగితముపై ఒకే సంతకము చేసెను. ఆ కాగితములు బ్యాంకునకు మోసినది మేమే గనుక మాకు తెలియును.

దీనినిబట్టి మాకు తోచినది యేమనగా, జాగ్రత్తను సెగ వెలిగింపక ముందు చూడవలెను గాని, వండిన తరువాత కాదు. ఫలమును బట్టి కర్మను తూచరాదని గీతను ఉదహరించువారు కలరు. గీత జమాఖర్చుల కొరకు చెప్పబడినది కాదు గనుక మేము అంత దూరము పోము. మా ప్రశ్న చిన్నది. పోవునది ఎంతయైనచో ఓర్చుకొందుము అని ముందుగా వ్రాసికొన్నామా? ఆ అంకె వచ్చినప్పుడు ఆగితిమా? ఈ రెండును మనచేతిలోనివి. తక్కినది మన చేతిలోనిది కాదు. దీనికి మూల్యము కూడ ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు. జాగ్రత్తపరుడు 2013లో వలె ఇతరుల లాభమును చూచుచు ఊరకుండవలెను. నష్టమును భరించుటకంటె ఇది కష్టమని మా యజమాని ముఖము చూచి తెలిసికొంటిమి. ఆ నెలలో ఆయన మాతో చాల తక్కువ మాటలాడెను.

ఇచట మరియొక ప్రశ్న తలయెత్తుచున్నది. మా యజమానికి తోళ్లున్నవి, బిల్లున్నది, రావలసిన డాలర్లున్నవి. ఆయన బేరము తన అవసరమును కప్పుకొను గొడుగు. మా అంతస్తు యువకునికి ఏమున్నది? రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ఒక ఉత్తరువు వెలువరించినది. మే 3నుండి అది అమలైనది. ఎక్స్ఛేంజిలో రూపాయితో ముడిపడిన ద్రవ్యపు బేరము చేయువానికి విదేశ ద్రవ్యముతో నిజమైన లావాదేవీ యుండవలెననియు, కొంత మితివరకు దానికి రుజువు చూపనక్కరలేకున్నను లావాదేవీ మాత్రము ఉండితీరవలెననియు అందు స్పష్టము చేసిరి. దానితో అచటి బేరములు ఒక్కసారిగా పలుచబడినవి. చాలమంది సణిగిరి. మాకు ఆ నియమములో పాత సరాఫు బల్ల కనబడినది. క్రొత్తవాడు వేసికొనవలసిన మొదటి ప్రశ్న "డాలరు పెరుగునా, తరుగునా" అనునది కాదు. "డాలరుతో నాకు పని యేమి" అనునది.

పని గలవారు మనలో చాలమంది కలరు. విల్లివాక్కములో మాకు తెలిసిన ఒక గృహస్థుని కుమారుడు అమెరికాలో చదువుచున్నాడు. ఏడాదికి రెండు మారులు జీతము డాలర్లలో కట్టవలెను. డాలరు పెరిగినచో ఈయనకు నిద్ర లేదు. ఏమి చేయవలెనని అడుగగా, తదుపరి జీతములో సగము ఇప్పుడే కట్టి, సగము గడువునకు కట్టుమని చెప్పితిమి. "ఏది జరిగినను సగము ఏడుపు తప్పదన్నమాట" అని ఆయన నవ్వెను. అంతే మరి. పూర్తి ఏడుపు రాకుండ చూచుటయే ఇందు సాధ్యము.

పని లేనివారు ఈ నియమములు లేని చోటు వెదకికొందురు. విదేశముల నుండి నడచు ఫోను దుకాణములు, కట్టిన సొమ్మునకు వంద రెట్లు, ఇన్నూరు రెట్లు అరువు ఇచ్చునవి, చాల కలవు. అనుమతి లేని ఇట్టివాటి పేర్ల పట్టికను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మొదటిసారి ప్రకటించినది. అప్పుడు అందు 34 పేర్లుండెను, పిమ్మట పెరిగినవి. విదేశపు బేరమునకు మార్జినుగా మన దేశమునుండి సొమ్ము పంపుట చట్టవిరుద్ధము. పోయిన సొమ్మునకై ఠాణాకు పోయినవాడు ముందు తన తప్పును ఒప్పుకొనవలసియుండును. అరువునకు మితియు, అడుగువాడును లేని బేరము అది. పిండి ముద్దలో మాంసపు వాసన మాత్రము చూపినట్లు.

అనుమతి గల చోట్లలోనైనను లెక్కలు వేరుగా లేవు. షేర్లపై జరుగు ఫ్యూచర్సు, ఆప్షన్లను గూర్చి సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలనలో, మూడేండ్ల కాలమున విడి మనుష్యులలో నూటికి 93 మంది నష్టపడిరని తేలినది. అది డాలరు బేరముల లెక్క కాదు, నిజమే; కాని ఫోను అదే, చేయి అదే, అరువు అదే. ఇట్టి బేరములలో ఒకరికి వచ్చునది మరియొకరి చేతినుండి వచ్చును. నడుమ దళారి రుసుము, పన్ను తరుగును. నా చేతికి వచ్చిన వేయి రూపాయలు ఎవరివి అని అడుగువాడు లేడు. ఎగుమతిదారుని భయమును మనము మోసి పుచ్చుకొన్నదైనచో అది సరాఫు కూలి వంటిది. మన వలెనే జీతము రాళ్లు కట్టిన మరియొక కుర్రవానిదైనచో ఏమనవలెనో మాకు తోచుట లేదు. అది దొంగతనము కాదు. సంపాదన యనుటకును నోరు రాదు.

పోవునది ఎవరి సొమ్మనునది ఇంకను బరువైన ప్రశ్న. 1906 అక్టోబరు 22న మన పట్టణమున అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసినది. లండనులోని భాగస్వామ్య వ్యాపారమున జరిగిన జూదపు బేరములు ఆ పతనమునకు మూలము. సొమ్ము పోగొట్టుకొన్నవారు లండనువారు కారు. ఇచటి పింఛనుదారులు, వితంతువులు, చిన్న గుమాస్తాలు. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు పదునెనిమిది నెలల కఠిన శిక్ష పడినది. ఆ బాధనుండియే మరునాటి సంవత్సరము ఇండియన్ బ్యాంకు పుట్టినది. సీమలో ఉండ విరిగినది, ఆకలి చెన్నపట్టణములో.

ఇంటిలోను ఇట్టి కంపెనీలు కలవు. కుర్రవాడు తన జీతమనుకొనునది అతని తల్లి మందులకును, చెల్లెలి చదువునకును ఇదివరకే పంచబడియుండును. అంకె వ్రాసికొనునప్పుడు అది తన ఓర్పును బట్టి వ్రాసికొనుచున్నాడా, వారి ఓర్పును బట్టియా? వారిని అడిగినాడా? చక్కెర వ్యాధి గలవానికి వండునప్పుడు, తినువాని దేహమును బట్టి పిండి కొలుతుము గాని, వండువాని నాలుకను బట్టి కాదు.

ఈ సంగతి ఆ యువకునితో చెప్పితిమి. "అయితే తాతగారూ, నన్ను మానుకొమ్మందురా?" అనెను. "నాయనా, మేము అట్లు అనలేదు. ఒక నోటు పుస్తకము కొనుము. మొదటి పుటలో డాలరుతో నీకు గల పని యేమో వ్రాయుము. దాని క్రింద, ఎంత పోయినచో ఆగుదువో వ్రాయుము. ఆ అంకెను మీ అమ్మగారికి చూపి, ఆమె చేత సంతకము పెట్టించుకొని రమ్ము. తరువాతి పుటలు ఎట్లు గీయవలెనో మేము చూపెదము" అంటిమి. పళ్లెములోని ఉండలు రెండు తిని, పిండి లేకున్నను బాగున్నవని చెప్పి వెళ్లెను. నోటు పుస్తకము కొన్నాడట. మొదటి పుట ఇంకను ఖాళీగానే ఉన్నదని వాళ్ల అమ్మగారు చెప్పిరి.